బూంది తెచ్చిన గుడ్లు

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను "డాక్టర్ సాబ్" అని పిలిస్తే సరిదిద్దే అలవాటు నాకు లేదు. నిజానికి నేను ఖిల్లా ఘణపూర్ పశువుల దవాఖానలో కొత్తగా చేరిన సహాయకుణ్ణి. డాక్టరు గారు సూది వేస్తుంటే బర్రె తోక పట్టుకోవడం నా ముఖ్యమైన పని. (కొమ్ములు పట్టుకునే పని బర్రెను తోలుకొచ్చినవాళ్లది.) ఇరవై మూడేళ్ల వయసులో నా తెలివి మీద నాకు ఎంత నమ్మకం ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. అంత నమ్మకం తర్వాత ఎన్ని చదివినా మళ్లీ రాలేదు.

నేను అద్దెకున్నది ఒక పెద్దామె ఇంట్లో. ఊరంతా ఆమెను ఖాలా అనేవారు, అంటే పిన్ని అని. భర్త పోయాడు, కూతుళ్లిద్దరూ అత్తగారిళ్లకు వెళ్లారు. ఆమెకు మిగిలినవి ఆరు కోళ్లు, పెద్ద వాకిలి, ఆ వాకిట్లో ఓ మూల గదిలో నేను. ఒక ఎండాకాలం ఆ వాకిట్లోకి బూందిని తెచ్చాను. కాలువ పనులు చూసే ఇంజనీరు ఒకాయన బదిలీ మీద వెళ్తూ మా దవాఖానలో వదిలిపెట్టిన కుక్క అది. తల్లి గోల్డెన్ రిట్రీవర్ అనే పెద్దింటి జాతి, తండ్రి గద్వాల బస్టాండులో తిరిగే ఎవరో. ఒళ్లంతా తల్లి బంగారు బొచ్చు, తోక మాత్రం తండ్రిది, పైకి చుట్ట చుట్టుకొని ఉండేది.

"ఇంట్లకు రానియ్యకు బేటా, నమాజు చేసుకునే ఇల్లు. వాకిట్ల ఉంటే ఉండనియ్," అంది ఖాలా.

"శానా మంచి జాతి ఖాలా," అన్నాను.

"జాతి సంగతి నాకు తెల్వదు. అన్నం ఎంత తింటదో చెప్పు."

కుక్కను పెంచడమంటే పొద్దున పెరుగన్నం, సాయంత్రం పెరుగన్నం అని నా ఉద్దేశం. పగలంతా అది వాకిట్లో ఏం చేస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు. అది వచ్చిన వారానికి, పొద్దున తలుపు తీస్తే నా చెప్పుల పక్కన ఒక కోడిగుడ్డు కనబడింది. మర్నాడు రెండు. ఒంటరి పిల్లగాడని ఖాలా జాలిపడి పెడుతోంది, చెప్పుకోవడం ఇష్టం లేని మంచి మనిషి అనుకుని కళ్లు తడి చేసుకున్నాను, ఆమ్లెట్ వేసుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక, "నీ ప్రేమ మరువలేను ఖాలా," అన్నాను. అంతకు ముందురోజు ఆమె నాకు రెండు జొన్నరొట్టెలు ఇచ్చి ఉండటంతో, "రొట్టెలకేముంది బేటా," అని ఊరుకుంది.

పది పన్నెండు రోజులకు ఆమే నా గది ముందుకొచ్చి నిలబడింది. "డాక్టర్ సాబ్, నా కోళ్లు గుడ్లు పెడ్తలేవు. ఏమైందో జర చూడు."

చూశాను. ఒక్కో కోడి రెక్క ఎత్తి, కన్ను తెరిచి, నాకు అర్థమైనట్టు తల ఊపుతూ చూశాను. సున్నం తక్కువైందని తేల్చాను. నా గదిలో గుడ్డు పెంకులకు కొదవ లేదు గనుక వాటినే మెత్తగా దంచి పొట్లం కట్టి ఇచ్చాను. "ఏం మందు బేటా ఇది?" అంటే, "బలానికి ఖాలా," అన్నాను. వారం గడిచినా గుణం కనబడలేదు. అప్పుడు రెండో మాట చెప్పాను: ఎర్రకోడికి వయసు మళ్లింది, ఇంక గుడ్డు పెట్టదని. ఆ శుక్రవారం ఖాలా ఎర్రకోడిని కోయించి, నాకూ ఒక గిన్నెడు కూర పంపింది. మళ్లీ అడిగి పెట్టించుకుని తిన్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే మెలకువ వచ్చి కిటికీలోంచి వాకిట్లోకి చూశాను. బూంది గోడవారగా కోళ్లు గుడ్లు పెట్టే గడ్డికుప్పలోకి తల దూర్చింది. బయటికొచ్చేసరికి దాని నోట్లో గుడ్డు. పన్ను తగలనీయకుండా, మెడ కదలనీయకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, దాన్ని నా చెప్పుల పక్కన పెట్టి, చుట్ట తోక ఊపుతూ తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

రెండు రోజులు నోరు తెరవలేదు. చెప్తే గది పోతుంది, కుక్క పోతుంది, అన్నిటికన్నా ముందు డాక్టర్ సాబ్ పోతాడు. మూడో రోజు దవాఖాన నుంచి వచ్చేసరికి ఖాలా నల్లకోడిని రెక్కలు పట్టుకొని నిలబడి ఉంది.

"కోయనీకి ముల్లా సాబ్‌ను పిలువనంపిన. ఇది గూడ ముసలిదైనట్టుంది," అంది.

"ఇడిసిపెట్టు ఖాలా. దానికేం రోగం లేదు."

"ఎర్రకోడికి నువ్వే చెప్తివి గద."

"నాకేం తెల్వకనే చెప్పిన."

అంతా చెప్పేశాను. గుడ్ల సంగతి, ఆమ్లెట్ల సంగతి, చివరికి నేను డాక్టర్‌ను కానన్న సంగతి కూడా. ఆమె కోడిని వదిలేసింది.

"ఆ పొడి నా గుడ్ల పెంకులేనా?"

"అవ్ ఖాలా."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకొని హడలిపోయాను. నవ్వుతోంది. "నువ్వు డాక్టర్‌వు కాదని ఊరందరికి ఎర్కే బేటా. అట్ల పిలిస్తే నీ మొఖం ఎలుగుతదని పిలుస్తరు." తర్వాత నవ్వు ఆపి మెల్లగా అంది: "ఎర్రకోడి మంచిది. కోసుకున్న పాపం నాది, కోయించిన పాపం నీది. కుక్కది ఏం లేదు."

ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది. మర్నాడు మొదటిసారిగా నాకు తెలియదని ఒప్పుకొని, బూంది ఎందుకలా చేస్తుందని డాక్టరు గారిని అడిగాను. వేటలో కొట్టినప్పుడు నీటిలో పడిన పిట్టను ఈక నలగకుండా తెచ్చివ్వడానికి పెంచిన జాతి అదని, పని చూపించకపోతే తనే పని వెతుక్కుంటుందని చెప్పారాయన. అప్పటి నుంచి రోజూ పొద్దున బూందిని చెరువుకు తీసుకుపోయి నీళ్లలోకి కట్టె విసిరేవాణ్ణి. ఈదివచ్చాక చెవులు లోపలిదాకా తుడవాలి, లేకపోతే చీము పడుతుంది. బొచ్చు దువ్వాలి. ఎండ ముదిరేలోపు నీడకు చేర్చాలి. పెరుగన్నంతో పాటు కాస్త మాంసం ముక్క పడాలి. గుడ్లు గడ్డిలోనే ఉండసాగాయి. నాకు జ్వరమొస్తే ఖాలానే చెరువుకు బయల్దేరేది, నెమలిరంగు గొడుగు వేసుకొని, కుక్కకు చెయ్యెడు దూరంలో నడుస్తూ.

రెండేళ్లకు ఉప్పునుంతలకు బదిలీ అయింది. కొత్త గొలుసు కొని తెస్తే ఖాలా దాన్ని చూసి అడిగింది: "ఆడ నీ ఇంటి దగ్గర చెరువున్నదా? అడిగినవా?"

అడగలేదు. గొలుసు సంచిలో పెట్టుకొని ఒక్కణ్ణే బస్సెక్కాను.

ఉప్పునుంతలలో నా నల్ల ప్యాంటు మీద బంగారు వెంట్రుకలు చూసి, "కుక్క ఉన్నదా సార్ మీకు?" అని అడిగేవారు. "ఉన్నది, ఘణపూర్ల," అనేవాణ్ణి. ఆ ప్యాంటును ఎన్నాళ్లు ఉతకకుండా దాచుకున్నానో చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది.