నేను చెయ్యని ఫోను

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే లేచి అవతలికి పోయే రకం నేను. ఇరవై నాలుగేళ్ళు ప్రైవేటు బస్సులో కండక్టరుగా చేశాను. తనకల్లు నుంచి కదిరి మీదుగా అనంతపురం, మళ్ళీ వెనక్కి. ఫలానా మలుపులో తెల్లచీర కనిపించిందని, ఫలానా స్టేజీలో ఎక్కిన మనిషి దిగకుండానే మాయమయ్యాడని డ్రైవర్లు చెప్పేవాళ్ళు. టికెట్టు తీసుకోకుండా దిగిపోయేవాళ్ళు నాకు రోజూ కనిపించారు గానీ దయ్యం ఒక్కటీ కనిపించలేదు. ఇప్పటికీ నమ్మను. నమ్మనివాడికే ఇలాంటిది జరగాలా? జరిగింది పో, ఊళ్ళో ప్రతివాడూ ఆపి అడగాలా? అందరికీ ఈ గొంతుతో చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను.

ఒకప్పుడు నేను స్టేజీల పేర్లు అరిస్తే బస్టాండు అవతల టీ కొట్టులో కూర్చున్నవాళ్ళు లేచి వచ్చేవాళ్ళు. రెండేళ్ళ కిందట ఆ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాను. దుమ్మనుకున్నాను. నాలుగు నెలలు అలాగే లాగాక అనంతపురంలో పరీక్ష చేస్తే క్యాన్సరని తేలింది. బీడీలు ఆ రోజే మానేశాను.

ఆపరేషను అక్కర్లేదు, కరెంటు పెడితే చాలన్నారు. రేడియేషన్‌ని మా వైపు కరెంటనే అంటారు. ఆరున్నర వారాలు పెట్టారు. జబ్బు పోయింది. గొంతు మాత్రం తిరిగి రాలేదు. మాట్లాడితే సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్ళు కూడా రెండోసారి అడగాల్సిందే.

అంతటితో అయిపోయినా బాగుండేది. కరెంటు పెట్టాక రెండు నెలలకోసారి గొంతు చూపించుకోవాలట. ముక్కులో చేదు మందు కొడతారు. అది మొద్దుబారాక కొసన కెమెరా ఉన్న సన్నటి గొట్టం లోపలికి పంపుతారు. "ఈ... అనండి" అంటుంది డాక్టరమ్మ. నాకు ఈ రాదు, ఊపిరే వస్తుంది. "మళ్ళీ అనండి." మాట పలికించే రెండు పొరలు తెర మీద కనిపిస్తాయి. అవి సమంగా కదులుతున్నాయా, కొత్తగా మచ్చ ఏదైనా పుట్టిందా అని చూస్తారు. జబ్బు తిరగబెడితే మొదట్లోనే పట్టుకోవాలట.

ఈ రెండు నిమిషాల పనికి పొద్దున ఐదింటి బస్సు, మధ్యాహ్నం దాకా బెంచీ, సాయంత్రం తిరుగు బస్సు. ఐదుసార్లు పోయాను. ఐదుసార్లూ "బాగుంది, రెండు నెలల తర్వాత రండి" అన్నారు. బాగున్నదాన్ని చూపించుకోవడానికి ఇంత తిప్పలేమిటని నాకు ఒళ్ళు మండేది.

అక్కడ పేర్లు రాసుకునే నర్సు ఎస్తేరు. నా గొంతు పోయాకే ఆమె నన్ను చూసింది. నా పాత గొంతు ఆమెకు తెలియదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆరోసారి పోవాల్సింది ఒక మంగళవారం. దానికి రెండు రోజుల ముందు వాన పడింది. మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. పదును ఆరిపోకముందే శనక్కాయ విత్తాలి, ట్రాక్టరు దొరికినప్పుడే దొరికినట్టు. వచ్చే నెల పోతానని నా భార్య రామలక్ష్మితో అన్నాను.

"ఏమప్పా, శనక్కాయలకు వాయిదా లేదు, గొంతుకు ఉండాదా?" అంది.

"ఐదుసార్లూ బాగుండాదనే కదా చెప్పినారు."

"నువ్వు చెప్పేది సగం వినపడదు. వినపడే సగం ఇట్లాంటిదే."

మంగళవారం పొద్దున చేనికే పోయాను. ఫోనులో ఛార్జింగు లేదని ఇంట్లో గూట్లో పెట్టి వైరు తగిలించాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పది కాకముందే రామలక్ష్మి తాళం వేసి, సంగటి తీసుకుని చేనికి వచ్చింది. సాయంత్రం దాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

బుధవారం సాయంత్రం ఎస్తేరు ఫోను చేసింది.

"అన్నా, రేపు తొమ్మిదికల్లా రా. మేడమ్ తొందరగా పోతుంది."

రేపు వస్తానని ఎవరన్నారని అడిగాను. మూడుసార్లు అడిగితే గానీ ఆమెకు అర్థం కాలేదు.

"నిన్న నువ్వే కదన్నా ఫోన్ చేసి గురువారానికి రాసుకోమంటివి. నిన్న గొంతు అంత బాగుండె, ఈ పొద్దు మళ్ళా ఏమాయె?"

ఫోను పెట్టేసి చూశాను. మంగళవారం పదకొండు దాటాక నా నంబరు నుంచి ఆస్పత్రికి కాల్ పోయింది. అర నిమిషం పాటు మాట్లాడినట్టుంది.

నా అనుమానం రామలక్ష్మి మీదికే పోయింది. నీ తమ్ముడితో చేయించావా అని అడిగాను. ఆమెకు కోపం వచ్చింది.

"బీగం ఏసింది నేను. బీగంచెయ్యి నా బొడ్లోనే ఉండె. పొద్దంతా నీ కండ్ల ముందరే విత్తనాలు పోస్తాంటి. ఎట్ల చేయిస్తాను?"

అదీ నిజమే. తాళంచెవి రోజంతా ఆమె దగ్గరే ఉంది. తలుపు, కిటికీ చువ్వలు అన్నీ చూశాను. ఏదీ కదల్లేదు. ఆమె తమ్ముడు ఆ వారమంతా హిందూపురంలో పనిలో ఉన్నాడు.

గురువారం పోయాను, రామలక్ష్మి కూడా వెంట వచ్చింది. గొంతు చూపించుకోవడానికి కాదు. నా పేరు మీద ఎవరు ఫోన్ చేసినా రాసేసుకుంటారా అని అడగడానికి. ఎస్తేరు కూడా విసుక్కుంది. ఆస్పత్రి ఫోనుకు వచ్చే కాల్స్ అన్నీ వాటంతటవే రికార్డవుతాయట. వెతికి పెట్టింది.

"తనకల్లు నారాయణను మాట్లాడతాండా. మంగళవారం రాలేకపోతి. గురువారానికి రాసుకోమ్మా, ఆలస్యం చేసేది వద్దు."

నా గొంతు అది. ఇప్పటిది కాదు, స్టేజీలు అరిచిన గొంతు. మాటకు ముందు నేను చేసే చిన్న దగ్గు కూడా ఉంది. రామలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బెంచీ మీద కూలబడింది. ఏడాదిన్నర అయింది ఆమె ఆ గొంతు విని. ఇంతలో నా నంబరు పిలిచారు. మిగతాది వినకుండానే లోపలికి పోయాను.

ఆ రోజు డాక్టరమ్మ "బాగుంది" అనలేదు. ఇంకో డాక్టరును పిలిచింది. ఎడమవైపు పొర అంచున బియ్యపు నూకంత తెల్లమచ్చ ఉంది. రెండు నెలల కిందటి ఫోటోలో అది లేదు. ముక్క తీసి పరీక్షకు పంపితే జబ్బు తిరగబెట్టిందని వచ్చింది. చిన్నది కాబట్టి లేజరుతో తీసేశారు.

ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేదని కాగితం మీద రాసి అడిగాను.

"ఖచ్చితంగా చెప్పలేను. స్వరపేటిక మొత్తం తియ్యాల్సి వచ్చేదేమో. అప్పుడే వచ్చారు, మంచి పని చేశారు" అంది.

నేను ఏ పనీ చెయ్యలేదు. అదే ఎవరికీ ఎక్కడం లేదు.

బావమరిది ఏఐ అన్నాడు. ఇప్పుడు ఎవరి గొంతైనా చేస్తారట. చేస్తారు సరే, నా పాత గొంతు ఎక్కడ దొరికింది? మా పెళ్ళికి వీడియో లేదు. తాళం వేసిన ఇంట్లోంచి నా నంబరుతో ఎలా పోయింది? పక్కింటి పెద్దాయన చనిపోయిన మా నాయనే మాట్లాడాడన్నాడు. నాయనది పీల గొంతు. ఎస్తేరు దేవుడంది. దేవుడికి ఛార్జింగులో పెట్టిన నా ఫోనే దొరికిందా? డాక్టరమ్మేమో మీరే చేసి మరచిపోయి ఉంటారంది. నా గొంతు లోపల కెమెరాతో చూసిన మనిషే ఆ మాట అంటే ఇంకెవరితో చెప్పుకోను?

పోయిన నెల చూపించుకోవడానికి పోయినప్పుడు రామలక్ష్మి ఆ రికార్డు మొత్తం పెట్టమంది. మొదట విన్నదంతా అయ్యాక ఎస్తేరు గొంతు వినిపించింది. "సరే అన్నా, తప్పకుండా రా."

 తర్వాత నా గొంతు, కొంచెం తగ్గి, పక్కన ఎవరో వింటారన్నట్టు పలికింది.

"ఆయప్ప రానంటాడు. నేను పిల్చుకొస్తాలేమ్మా."

అక్కడితో కాల్ తెగింది. ఆ రానన్న మనిషి ఇంకో పేషెంటేమో అనుకున్నానని ఎస్తేరు చెప్పింది. రామలక్ష్మి ఇంకోసారి పెట్టమంది. నేను వద్దన్నాను.

ఆ గురువారం నేను బస్సెక్కింది పోట్లాడటానికి. నన్ను ఎవరో పిల్చుకుపోతున్నట్టు దారిలో ఎక్కడా అనిపించలేదు. పిల్చుకుపోయింది ఎవరో ఈ రోజుకీ నాకు తెలియదు.