ప్రోగ్రెస్ కార్డు మీటింగులో నేను చెప్పిన నిజం

కింద రాసిందాంట్లో ప్రతి మాటా నిజం. పెద్దాపురం మరిడమ్మ తల్లి మీద ఒట్టు. ఆవిడ మా అమ్మ పుట్టింటి వైపు అమ్మవారు. ఆ ఒట్టు చాలదనుకుంటే మా ఐస్ ఫ్యాక్టరీ కరెంటు మీద కూడా వేస్తాను. రొయ్యల పట్టుబడుల సీజన్లో ఐస్ ఫ్యాక్టరీ నడిపేవాడు కరెంటు మీద ఒట్టేశాడంటే ఇక వాడి మాట నమ్మి తీరాలి.

ఇంత గట్టిగా చెప్పుకోవడానికి కారణం ఉంది. భీమవరం చుట్టుపక్కల నాకు ఒక పేరుంది, మంచి పేరు కాదు. రొయ్యల రైతులు చెరువు పట్టే రోజున, అంటే పట్టుబడి రోజున, ఐస్ కోసం మా దగ్గరికి వస్తారు. ఐస్ దిమ్మలు పొడిగా ఆడించి లారీ నింపేదాకా వాళ్లకి పనుండదు, నాకు నోరు ఊరుకోదు. ఓసారి కరెంటు పోయి, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోతే, చెరువులో రొయ్యలన్నీ గట్టెక్కి, వరసగా ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడిచి వెళ్లి, లైన్‌మేన్ వచ్చేదాకా అక్కడే కూర్చున్నాయని చెప్పాను. వింటున్న రైతు, “తర్వాత కరెంటొచ్చిందాండీ?” అని అడిగాడు. అలాంటి వాళ్లుండబట్టే నేనిలా తయారయ్యాను.

నాకు కవలలు, ఇద్దరూ ఆడపిల్లలు. ముందు పుట్టినదాన్ని పెద్దదనీ, తర్వాత పుట్టినదాన్ని చిన్నదనీ అంటాం. పెద్దది పుస్తకం తెరిస్తే మూసేదాకా ఆగదు. చిన్నదానికి చదవడం రాదు. రాదంటే బొత్తిగా రాదని కాదు. ఒక్కో మాటా కూడబలుక్కుని, వాక్యం చివరికొచ్చేసరికి మొదలేంటో మర్చిపోతుంది. “అక్షరాలు కుదురుగా ఉండవు నాన్నా, కవర్లో రొయ్యపిల్లల్లా తిరుగుతుంటాయి” అని చెప్పింది ఒకసారి. హేచరీ నుంచి రొయ్యపిల్లని నీళ్లతో సహా ప్లాస్టిక్ కవర్లలో తెచ్చేటప్పుడు చూసిందిలెండి. కళ్లు చూపించాం, కళ్లు బాగానే ఉన్నాయన్నారు. రాజమండ్రిలో ఒక డాక్టరుగారు మాత్రం, తెలివికి లోటేం లేదనీ, చదువు మెల్లిగా పట్టుబడుతుందనీ, పక్కన ఎవరో ఒకరు ఓపిగ్గా ఉండి చదివి వినిపించాలనీ చెప్పారు.

ఆ ఎవరో ఒకరు పెద్దదే. బడిలో ఇద్దరూ ఒకే బెంచీ. పెద్దది పాఠం చెవిలో గుసగుసగా చదువుతుంది, చిన్నది వింటుంది. విన్నాక అదే పాఠం చిన్నది చెబితే, సముద్రగుప్తుడు మన పక్క వీధిలో ఉన్నాడేమో, వెళ్లి పలకరించి రావాలనిపిస్తుంది. కాస్త కలిపి చెబుతుందనుకోండి. ఆ కలపడం ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పాలా.

పిల్లలు అయిదో తరగతికి వచ్చిన ఏడాది బడికి కొత్త ప్రిన్సిపాల్ మేడంగారు వచ్చారు. ఆవిడ ప్రోగ్రెస్ కార్డులో ఏ, బీ, సీ, డీలు తీసేశారు, ర్యాంకులూ తీసేశారు. వాటి బదులు పిల్లలకు ఏయే పనులు రావాలో వరసగా వేసి, ఒక్కోదాని పక్కన ‘సొంతంగా చేస్తుంది’ అనో, ‘సాయంతో చేస్తుంది’ అనో, ‘ఇంకా నేర్చుకుంటోంది’ అనో రాయించేవారు. చిన్నదాని కార్డులో పైకి చదవడం దగ్గర ‘సాయంతో చేస్తుంది’ అని ఉంది. విన్నదాన్ని తన మాటల్లో చెప్పడం దగ్గర ‘సొంతంగా చేస్తుంది’ అని ఉంది. అంతకుముందు దాని కార్డు నిండా డీలే. పెద్దది ఈ కార్డు చదివి వినిపిస్తే, చిన్నది ఆ రెండో ముక్క మళ్లీ మళ్లీ చదివించుకుంది. తర్వాత నా వైపు తిరిగి, “నాన్నా, ఇది నీ సబ్జెక్టు కదా” అంది.

రెండేళ్లు ఆ కార్డే నడిచింది. ఆ తర్వాత తల్లిదండ్రులకి బెంగ పట్టుకుంది. పక్క బళ్లో పిల్లలకి ‘ఏ’ గ్రేడులొస్తున్నాయి, మన పిల్లలకి వాక్యాలొస్తున్నాయని మొదలైంది. పాత గ్రేడులు తెచ్చి, ఏడో తరగతి నుంచి ‘ఏ’ వచ్చిన వాళ్లని పై అంతస్తులో ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్లో వెయ్యాలనీ, మిగతావాళ్లని కింద ఉంచాలనీ అడిగారు. బడి యజమాని, ఎటూ తేల్చుకోలేక, మీటింగు పెడదాం, ఎక్కువమంది ఏదంటే అదే చేద్దాం అన్నాడు.

మా ఇంట్లో దానర్థం ఒకటే. పెద్దది పైకి వెళుతుంది, చిన్నది కింద మిగులుతుంది.

మీటింగుకి ముందు మేడంగారు నన్ను పిలిచారు. “నేను చెబితే పాఠం చెప్పినట్టు ఉంటుందండి. మీరు మాట్లాడితే వింటారు. మీ చిన్నమ్మాయి సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి, చాలు” అన్నారు. మా ఆవిడ కూడా మీటింగుకి బయల్దేరేటప్పుడు అదే చెప్పింది. “కథలొద్దండీ. ఉన్నది చెప్పి కూర్చోండి.”

బడి ఆవరణలో షామియానా వేశారు. ముందుగా లేచినావిడ సర్కారు బళ్లో టీచరు. “మేడంగారు మంచికే చేశారండి, కాదనట్లేదు. కానీ రేపు ఇంటర్లో చేర్చుకునేవాళ్లు ర్యాంకెంత అంటారు గానీ, సాయంతో చేస్తాడా, సొంతంగా చేస్తాడా అని అడగరు కదా. అప్పుడు ఒక్కసారిగా తెలిసి బెంబేలెత్తేకన్నా, ఇప్పట్నుంచే తెలియడం నయం కదండీ” అన్నారు. ఆ మాటలో న్యాయం లేదని నేను ఇప్పటికీ అనలేను.

కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ గుళ్లో అర్చకత్వం చేసుకుంటున్న పంతులుగారు లేచారు. “మాకు వేదం చెప్పేటప్పుడు పనస, అంటే ఆ పూట పాఠం, వచ్చిందా, రాలేదా, అంతేనండీ. రాకపోతే వచ్చేదాకా మళ్లీ చెప్పేవారు. నువ్వు బీ గ్రేడు, పక్కకెళ్లి కూర్చో అని మా గురువుగారు ఎప్పుడూ అన్లేదు.”

“మీ వేదానికి ఎంసెట్ లేదు కదా పంతులుగారూ” అన్నారు వెనక నుంచెవరో. పంతులుగారు కూడా నవ్వి కూర్చున్నారు.

అప్పుడు మా ఫ్యాక్టరీకి ఎప్పుడూ వచ్చే రైతొకాయన మైకు తీసుకున్నాడు. “‘ఇంకా నేర్చుకుంటోంది’ అంటే ఎప్పటిదాకా అండి? మా అత్తగారు ఫోను చూడ్డం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నారు. పట్టుబడి రోజున కొనేవాడు కిలోకెన్ని తూగుతాయి, కౌంటెంత అని అడుగుతాడు. ‘ఇంకా పెరుగుతున్నాయండి’ అంటే రేటు కడతాడా? కౌంటు చెప్పాలి కదండీ.” షామియానా కింద సగం మంది చెరువులున్నవాళ్లే. తలలన్నీ ఒక్కసారే ఊగాయి.

నేను లేచాను. నేను లేవడంతోనే కుర్చీలు సర్దుకున్న చప్పుడు వినిపించింది. నాకు తెలిసిన చప్పుడే అది.

“బావగారు చెప్పింది రైటేనండి. కౌంటు చెప్పాల్సిందే. ఎప్పుడు? పట్టుబడి రోజున. మరి అంతకుముందు రోజూ మేత వేసి దించిన చెక్‌ట్రే పైకెత్తి చూస్తారు కదా, దేనికండీ? మేత తిందా, పేగు నిండిందా, రంగు బాగుందా అని చూస్తారు. తినకపోతే నీళ్లలో తేడా ఏముందో వెతుకుతారు. అప్పుడే గట్టు మీద పోసి కౌంటు కట్టమంటే ఆ పిల్ల బతుకుద్దాండీ? మేడంగారి కార్డు చెక్‌ట్రే అండి. మన పిల్లలకి పట్టుబడి ఇంకా చాలా దూరం ఉంది.”

రైతులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. “అదీ పాయింటేరా” అన్న మాట స్పష్టంగా వినిపించింది. అక్కడ ఆగి చిన్నదాని సంగతి చెప్పి కూర్చోవాల్సింది. కానీ ముందు వరసలో ఒకాయన నవ్వు మొహం పెట్టుకుని, తర్వాతేంటన్నట్టు చూస్తున్నాడు. ఆ చూపు కనిపిస్తే నా నోరు నా మాట వినదు. మా చెరువులో ఒక రొయ్యకి పట్టుబడి ముందే కౌంటు చెప్పేస్తే, అది సిగ్గుపడి మూతి ముడుచుకుని, బురదలోకి దూరి, అక్కణ్ణించి సొరంగం తవ్వుకుని ఆకివీడులో తేలిందని చెప్పాను. షామియానా ఊగిపోయింది. టీచరుగారు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ నవ్వు మీదనే అసలు సంగతికి వచ్చాను. “మా చిన్నదానికి అక్షరాలు కదులుతాయండి. కవర్లో రొయ్యపిల్లల్లా తిరుగుతాయంట. సొంతంగా చదవలేదు. దాని అక్క పక్కన కూర్చుని చెవిలో చదివితే తప్ప దానికి పాఠం లోపలికెళ్లదు. ఇద్దర్నీ విడదీస్తే అది బళ్లో ఉత్తినే కూర్చుని వస్తుందండి.”

ఇందాక కౌంటు అడిగిన రైతు తొడ చరుచుకుని, “అక్షరాలు కవర్లో తిరుగుతాయంట. ఎక్కడ దొరుకుతాయండీ బావగారూ మీకివి?” అన్నాడు. ఇందాకటికంటే పెద్ద నవ్వు లేచింది. నిజమేనండి అన్నాను. “ఆయ్, మీరెప్పుడు అబద్ధం చెప్పారు గనక” అని ఇంకెవరో అందుకున్నారు. ఒట్టండి అన్నాను. ఒట్టు అన్న మాటకి చప్పట్లు కొట్టారు.

తర్వాత చేతులెత్తమన్నారు. పాత గ్రేడుల వైపు లేచిన చేతులు చూస్తే లెక్కపెట్టే అవసరం కనపడలేదు. కొత్త కార్డు వైపు పంతులుగారు, మా ఆవిడ, నేను, ఇంకా అక్కడక్కడా కొందరు.

గేటు దగ్గర మేడంగారు ఎదురయ్యారు. ఏదో ఒకటి అంటారని నిలబడ్డాను. “మీరు మాట్లాడితే వింటారనుకున్నానండి. విన్నారు” అన్నారు. అందులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది.

బండి ఎక్కబోతూ మా ఆవిడ, “మీరు నవ్వుతూ చెప్పారండీ” అంది.

“ఎప్పుడు?”

“చిన్నదాని సంగతి చెప్పేటప్పుడు. రొయ్య కథ చెప్పేటప్పుడు ఎలా నవ్వారో అలాగే.”

నా మొహం అప్పుడెలా ఉందో నాకు తెలియదు. ఆవిడకి తెలుసు, ఆవిడ నన్నే చూస్తూ కూర్చుంది.

ఏడో తరగతి మొదలైన రోజున ఇద్దర్నీ నేనే దించాను. మెట్ల దగ్గర పెద్దది ఏడ్చింది. చిన్నది ఏడవలేదు. అక్క సంచి పట్టీ సరిచేసి, “వెళ్లు, బెల్లయిపోద్ది” అంది. పై సెక్షను వాళ్లకి ఇంటర్వెల్ వేరే, భోజనాల వేళ వేరే, సాయంత్రం అదనంగా క్లాసు. పెద్దది ఇంటికొచ్చాకైనా చదివి వినిపిద్దామని కూర్చునేది గానీ, తన హోంవర్కే తెమిలేది కాదు. నేను చదివి వినిపించబోయాను. నేను చదివితే పాఠంలో లేనివి కూడా వచ్చేవి. “నాన్నా, ఇది పుస్తకంలో ఉందా, నువ్వు పెట్టావా?” అని అడిగేది. ఏది పుస్తకంలోదో తేల్చుకోలేక ఆ పిల్ల పరీక్షలో ఏదీ రాయకుండా వచ్చింది. మా ఆవిడ చదివితే మాత్రం వినేది. కానీ పొద్దంతా బళ్లో చెవిలో చదివి వినిపించేవాళ్లు లేరు కదా.

మొదటి కార్డు వచ్చింది. పెద్దదానికి అన్నీ ‘ఏ’లే. చిన్నదాని కార్డులో డీలు, ఒకచోట సీ. విన్నదాన్ని తన మాటల్లో చెప్పడమన్న గడి ఆ కార్డులో లేదు. చిన్నది గడులన్నీ వేలితో ఒకటొకటే వెతికి, కార్డు నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర పెద్దది అడిగింది. “నాన్నా, నేను తప్పులు రాస్తే కిందకి పంపేస్తారా?”

నేను నోరు తెరిచేలోగా చిన్నది, “రాయకు” అంది. కంచంలోంచి తల ఎత్తలేదు. “నువ్వొచ్చినా నా పక్కన నీ చోట్లో వేరే అమ్మాయిని కూర్చోబెట్టారు.”



తర్వాత ఒకరోజు చిన్నదాన్ని బడి నుంచి బండి మీద తీసుకొస్తున్నాను. పెద్దదానికి సాయంత్రం క్లాసు. కాలవ గట్టు మీదికి వచ్చాక వెనక నుంచి చిన్నది నా భుజం మీద గడ్డం ఆనించి మొదలుపెట్టింది. “నాన్నా, ఒక రొయ్యకి ‘ఏ’ గ్రేడ్ వచ్చిందంట. అందరూ చప్పట్లు కొట్టి, దాన్ని ఐస్‌లో పెట్టి, ఓడెక్కించి పంపించేశారంట. డీ గ్రేడ్ రొయ్యని ఎవరూ కొనలేదంట. అది చెరువులోనే ఉండిపోయిందంట. ఇప్పటికీ ఈదుతూనే ఉందంట.” నేను బండి ఆపి నవ్వాను. అది కూడా నవ్వింది. పర్లేదు, దీనికేం కాదు అనుకున్నాను.

ఇందాక వేసిన ఒట్టు ఇక్కడ తప్పుతున్నాను. మీటింగు నిజం, చెక్‌ట్రే మాట నిజం, చప్పట్లు నిజం, అన్నం దగ్గర మాటలు నిజం. ఆ చివరి కథ మాత్రం చిన్నది చెప్పలేదు, నేనే అల్లాను. ఆ రోజు బండి మీద వస్తున్నంతసేపూ వెనక నుంచి ఒక్క మాట లేదు. పిల్ల ఉందో లేదోనని రెండుసార్లు చెయ్యి వెనక్కి పెట్టి చూసుకున్నాను. ఆ మౌనం భరించలేక దారిలో కథ కట్టుకుని, ఇంటికొచ్చాక దానికి చెప్పాను. శ్రద్ధగానే వింది. నవ్వింది కూడా, నా కోసం. “ఇప్పుడు నువ్వు చెప్పవే, నీకొచ్చినట్టు” అన్నాను.

“నువ్వే బాగా చెప్తావులే నాన్నా” అని లోపలికి వెళ్లిపోయింది.