రొట్టెల పొయ్యిలో మోటారు

కాటన్‌పేటలో కాలిన మోటార్లకు తీగ చుట్టే పిల్లప్ప దగ్గర స్పానర్లు అందిస్తూ అందిస్తూనే మునీంద్రకు తల నెరిసింది. పిల్లప్ప అతని అక్క మొగుడు. అక్క శాంతమ్మ పెట్టే ప్రతి ముద్దకూ బావ విసిరే మాటొకటి నంచుకోవాలి. ఎప్పుడో ఐటీఐలో చేరి సగంలో మానేశాడు గనక మునీంద్రకు ఆ ఇంట్లో ‘ఇంజనీరు’ అని పేరు.

“మా ఇంజనీరు ఉండాడు చూడండప్పా, బోల్టు ఎటు తిప్పితే ఊడుతుందో పుస్తకం చూసి చెప్తాడు” అనేవాడు పిల్లప్ప, పంపులు తెచ్చిన రైతులతో. రైతులు నవ్వేవారు. నవ్వనివాడి పంపు వారం ఆలస్యమయ్యేది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు అంగడి పోయింది. ఆ తర్వాత పిల్లప్ప ఇంటి వసారాలో, వానొస్తే గోనెపట్ట కింద, పనిచేశాడు. కూర్చునే చోటు పోయిన పనివాడికి నోరు పెరుగుతుంది. అలాంటప్పుడు దొడ్డబళ్ళాపురం దారిలో, నీళ్ళు నిండిన పాత రాతిక్వారీలో జలక్రీడల క్లబ్బు నడిపే మోహన్‌కుమార్ ఒక ఎలక్ట్రిక్ సర్ఫ్‌బోర్డు పంపాడు. మనిషి ఎక్కితే, అడుగునున్న మోటారు నీళ్ళ మీద పరుగెత్తించే పలక అది. మోటారు ఆగిపోయింది. బాగుచేస్తే గట్టు మీది షెడ్డు పిల్లప్పదే, బోట్ల పనంతా అతనిదే.

విప్పితే లోపలి గ్రీజు మజ్జిగలా తెల్లబడి ఉంది. నీళ్ళు చొరబడ్డాయన్నమాట. గాలం దారం ఒకటి ఇరుసుకు చుట్టుకొని, రబ్బరు సీలు అంచును కోసేసింది. నీళ్ళకు పెద్ద తలుపు అక్కర్లేదు, వెంట్రుకంత సందు చాలు. పిల్లప్ప తుప్పు తుడిచాడు, బేరింగులు మార్చాడు, కొత్త సీలు వేలితో తడిమి తడిమి కూర్చోబెట్టాడు. చెయ్యి మంచిదే, ఆ మాట దాచకూడదు.

ఇక తడి ఆరాలి. దానికి కాటన్‌పేటలో పాత దారి ఒకటుంది. మధ్యాహ్నం బ్రెడ్డు దించాక, బేకరీ పొయ్యి చల్లారేలోగా తీగ చుట్టలను ట్రేలో పెట్టి లోపలికి తొయ్యడం. తీగకు పూసిన వార్నిష్ రాయిలా గట్టిపడుతుంది. బన్నులో ఆ వాసన వచ్చినా పేటలో అడిగినవాడు లేడు.

పిల్లప్ప తీగచుట్ట పక్కన, లోపల తిరిగే రోటరునూ ట్రేలో పెట్టాడు. సర్దబోయిన మునీంద్ర చేతిలోని స్పానరు ఎగిరి రోటరుకు అతుక్కుంది. పంపుల రోటర్లలో అయస్కాంతాలుండవు, దీన్నిండా అవే. ఏ సముద్రం మీదో పూర్వం నావికులు వెల్లుల్లి తిని దిక్సూచి దగ్గరికి రాకూడదనేవారట, ఆ ఘాటుకు అయస్కాంతం చస్తుందని. వెల్లుల్లికి చావదు గానీ ఇలాంటి పొయ్యి వేడికి చస్తుంది. సగం చదువే అయినా ఆ పాఠం మునీంద్ర చదివిన సగంలోనే ఉంది.

“బావా, ఇది...”

“ఏమిరా ఇంజనీరూ? మూసుకొని ట్రే తొయ్యి.”

తోశాడు. కాసేపటికి పిల్లప్ప తియ్యబోతే, “ఇంకొంచేపు ఉండనీ బావా, బాగా ఆరుతుంది” అన్నాడు మెత్తగా.

బిగించేముందు మునీంద్ర చాటుగా రోటరు మీద ఒక స్క్రూ పెట్టి చూశాడు. జారి కిందపడింది. అయినా బల్ల మీద, నీళ్ళ బరువు లేనప్పుడు, మోటారు ముందుకంటే జోరుగా తిరిగింది. బలం పోయినదాని లక్షణమే అది. పిల్లప్ప మీసం దువ్వుకున్నాడు.

క్వారీ గట్టున క్లబ్బు సభ్యులు ఫోన్లెత్తి నిలబడ్డారు. “రిపేరు చేసినోడే మొదట ఎక్కాల. మా రూలు” అన్నాడు మోహన్‌కుమార్.

పిల్లప్పకు ఈత రాదు. లైఫ్ జాకెట్ పట్టీని రెండుసార్లు లాగి చూసుకున్నాడు. తిరిగి చూసి, ఇన్నేళ్ళలో మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. “మునీంద్రా, అంతా సరిగ్గా ఉండాది కదరా?”

నిజం చెప్పడానికి అదే చివరి అదను.

“ఉండాది బావా. ఎక్కు.”

పలక బోర్లాపడ్డ పిల్లప్పను మోస్తూ క్వారీ నడిమి దాకా పోయి, మూలిగి, ఆగింది. అతను “అమ్మో, శాంతీ” అని కేకలు పెట్టాడు. రాతిగోడలు ఆ కేకలను తిప్పి పంపాయి. తాడు తీసుకున్న బోటువాణ్ణి మోహన్‌కుమార్ ఆపాడు. “ఉండప్పా, వీడియో అవనీ.” అందరూ నవ్వారు. మునీంద్ర కూడా నవ్వాడు.

ఈడ్చుకొచ్చాక మోహన్‌కుమార్ పిల్లప్ప ముఖమైనా చూడలేదు. “షెడ్డు వైట్‌ఫీల్డ్ కంపెనీ వాళ్ళకిస్తా. ఈ ఇద్దర్నీ గేటు దాటించండి.”

ఇద్దర్నీ అన్న మాట మునీంద్రకు నవ్వు సగంలో ఉండగా వినబడింది.

బస్టాపులో పిల్లప్ప చొక్కా పిండుకుంటూ, “సీలు నువ్వేమన్నా కెలికినావా?” అన్నాడు.

“సీలుకేం, బంగారంగా ఉండాది. పొయ్యిలో అయస్కాంతం చచ్చింది. ట్రేలో పెట్టినప్పుడే తెలుసు నాకు.”

ఈ మాట కోసం ఎన్నేళ్ళు కాచుకున్నాడో! పిల్లప్ప ముఖంలో కోపం రాలేదు. “నాకు నీళ్ళంటే భయమనీ తెలుసు కదా” అన్నాడు.

“తెలుసు.”

బస్సు వచ్చింది. పిల్లప్ప పనిముట్ల సంచీ లాక్కొని ఎక్కాడు. “ఒకటే టికెట్” అన్నాడు కండక్టరుతో.

“బావా! అక్కకేం చెప్తావు?”

“నీళ్ళలో పోయినావని చెప్తాలే” అన్నాడు పిల్లప్ప, తలుపు మూసుకుంటుండగా.