కల్లంలో తెల్లచీర

మిర్చి కల్లంలో ఉన్నన్నాళ్ళూ నాకు నిద్ర ఉండదు. ఆయన ఉన్నప్పుడు కాపలా ఆయనది, వంట నాది. ఆయన పోయాక రెండూ నావే అయ్యాయి. కాయలు ఆరబోసిన పట్టా పక్కన మంచం వేసుకుని ఒళ్ళు వాలుస్తాను గానీ చెవులు పడుకోవు. ఆకు కదిలినా లేస్తాను. కిందటేడు అలా లేచి చూస్తే రాశికి ఒక మూల గుంట పడి ఉంది. తర్వాత ఇంకో మూల. ఎవరో సంచెడు సంచెడు ఎత్తుకుపోతున్నారు.

రాత్రంతా బల్బు వేసి ఉంచాను. బల్బు ఉన్నప్పుడు ఎవరూ రాలేదు. కరెంటు పోయిన రాత్రి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను, నాకు తెలియనే లేదు.

మా మరిది మోటార్లు, టీవీలు బాగుచేస్తాడు. సంగతి విని వచ్చాడు.

"బెదరగొడితే ఏముంది వదినా, మళ్ళీ వస్తారు. ఎవరో తెలియాలి. కెమెరా బిగించి, కనపడని లైటు పెడదాం."

"కనపడని లైటు దేనికయ్యా? కాలని పొయ్యి పెట్టుకున్నట్టు."

"నీకూ నాకూ కనపడదు. కెమెరాకి కనపడుద్ది."

నాకు సంతకం వరకే వచ్చు. ఆ లైటు పుట్టటం మాత్రం దగ్గరుండి చూశాను. పాత అల్యూమినియం మూతకి వరసగా బెజ్జాలు వేశాడు. కందిగింజంత బల్బులు వాటిలో గుచ్చి, వెనక కాళ్ళకి తీగలు అతికాడు. మూత కదలకుండా పట్టుకున్నది నేనే. ఆ చిన్న బల్బుకి రెండు కాళ్ళు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒక్కటి తిరగబడి కూర్చున్నా ఆ వరసంతా పనిచేయదు. మందు కొట్టే పంపులో బ్యాటరీ ఊడదీసి తగిలించాడు.

చీకట్లో చూస్తే ఎర్రెర్రగా చుక్కలు.

"ఇదేందయ్యా, వరసగా కూర్చుని బీడీలు తాగుతున్నట్టుంది! దొంగ నిప్పడగటానికి వస్తాడు."

నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు. మళ్ళీ ఒంగోలు పోయి వేరే రకం బల్బులు తెచ్చాడు. ఈసారి మీట నొక్కితే చీకటి చీకటిగానే ఉంది. పాడైపోయిందన్నాను. నా చెయ్యి తీసుకుని మూత వెనక పెట్టాడు. వెచ్చగా ఉంది. ఫోను ముందు పెట్టి చూపిస్తే అందులో బల్బులన్నీ ఊదారంగులో వెలుగుతున్నాయి. తలెత్తితే ఏమీ లేదు.

మొదట కెమెరా పక్కనే కట్టాడు. మంచూ పురుగులూ తెల్లగా మెరిసి బొమ్మంతా అలుక్కుపోయింది. దాన్ని విప్పి దూరంగా పాక గుంజకి కట్టాడు. అప్పుడు రాశి మొత్తం కనపడింది.

కొన్నాళ్ళకి కెమెరాలో మనిషి పడింది. ఆడమనిషి. మాకు వీపు పెట్టి, వంగి సంచి నింపుతోంది. ఒంటి మీద తెల్లచీర.

మా ఊళ్ళో కూలికి వచ్చేవాళ్ళలో తెల్లచీర కట్టేది ఒక్కతే. ఆవిడ నాకు చుట్టం కాదు, అయినా అత్తా అని పిలుస్తాను. నాకంటే పెద్దది, నాలాగే మొగుడు పోయిన మనిషి. ఏళ్ళ తరబడి ఇద్దరం పక్కపక్క సాళ్ళలో కాయ కోశాం.

మరిది ఆ బొమ్మ నలుగురికి పంపాడు. అది ఫోను నుంచి ఫోనుకి పోయి, పొద్దు నడినెత్తికి రాకముందే ఊరంతా తిరిగింది. కూలీలని తీసుకెళ్ళే మేస్త్రి ఆవిణ్ణి ఇక పనికి రావద్దన్నాడు. ఆవిడకి వేరే బతుకు లేదు. జనం గుమ్మం ముందు చేరారు.

"ఏమే ముసల్దానా, ఈ వయసులో ఇదేం బుద్ధే?"

"నా ఇల్లు వెతకండి. గాదె వెతకండి, పొయ్యి వెతకండి!"

వెతికారు. ఏమీ దొరకలేదు. అమ్మేసి ఉంటదన్నారు. ఆవిడ నా వైపు చూసింది. నేను ఇంటికొచ్చాను. కాలు నిలవలేదు. వాకిట్లోకి, ఇంట్లోకి తిరుగుతూనే ఉన్నాను.

ఆ సాయంత్రం ఫోనులో ఆ బొమ్మ మళ్ళీ తీసి చూశాను. పొద్దుటినుంచీ అందరం మనిషినే చూశాం. ఇప్పుడు నా కళ్ళు కాయల మీద పడ్డాయి. రాశంతా తెల్లగా ఉంది. రంగు పోయి తెల్లబారిన కాయని మేము తాలు అంటాం, ఏరి పక్కన పారేస్తాం. పంటంతా తాలైపోయిందనుకున్నాను. కల్లానికి పరుగెత్తి టార్చి వేశాను. కాయలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఫోనులో చూస్తే తెలుపు. కింద చూస్తే ఎరుపు.

మరిదికి ఫోను చేశాను. "నీ లైటు ఎర్రకాయని తెల్లగా చూపిస్తందేందయ్యా?"

"దానికి రంగులు తెలియవు వదినా. వెలుగు తిరిగొస్తే అన్నీ తెల్లగానే పడతయ్."

"మరి చీర?"

"చీరా అంతే వదినా. ఏ రంగో చెప్పలేం."

మర్నాడు చీకటి పడగానే మేస్త్రినీ, అరిచినవాళ్ళనీ కల్లానికి పిలిచాను. ఆడవాళ్ళని రాశి దగ్గర నిలబెట్టి మరిది ఆ కెమెరాతోనే ఫొటో తీశాడు. ఎర్రచీర తెల్లగా వచ్చింది. నా నల్లచీరా తెల్లగానే వచ్చింది. పచ్చచీర ఒక్కటి కాస్త బూడిదరంగుకి తిరిగింది. మేస్త్రి పెళ్ళాం ఫోను లాక్కుని చూసింది.

"ఓయమ్మో! మొగుణ్ణి పక్కన పెట్టుకుని నాకు తెల్లచీర కట్టారే!"

అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు.

నేను అత్త ఇంటికి వెళ్ళాను. తలుపు తియ్యలేదు. బయట నుంచే చెప్పాను. లోపలి నుంచి గొంతు వచ్చింది.

"ఎర్రచీరా తెలుపేనా?"

"తెలుపే అత్తా."

"నడువ్. ఆ దొంగముండ ఎక్కడ నిలబడిందో చూపించు."

కల్లానికి వచ్చి, నేను చూపించిన చోట నిలబడింది. జనం ఇంకా పోలేదు. ఆవిడ ఎవరినీ చూడలేదు. లైటు విప్పటానికి గుంజెక్కిన మా మరిదిని కేకేసింది.

"మొహం పడని బొమ్మ దేనికిరా? దించు లైటు. నా మొహం పడిందాకా దించు."

వాడు మూతని ఇటు వంచాడు, అటు తిప్పాడు, కెమెరా తీసి ఎదర గుంజకి మార్చాడు. ఆవిడ కాళ్ళు నొప్పులు పుట్టినా కదల్లేదు. చివరికి పడింది. చెంపల మీద ముడతలు, ముక్కుకి మానిపోయిన బెజ్జం, అన్నీ తెలుస్తున్నాయి. ఫోను కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది నేను. అది నేను కాదు. నిన్నటి బొమ్మ ఎవరెవరికి పంపావో వాళ్ళందరికీ ఇది పంపు."

వాడు పంపుతుంటే, అయిందాకా వెనకే నిలబడింది.