నాలుగు బల్లల ఆట

మా నాన్నకు విద్యార్థులు పెట్టిన పేరు బఫర్ మాస్టారు. ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి "చేతిలో కాస్త బఫర్ ఉంచుకోండి" అనే మాట దగ్గరికి వచ్చి ఆగేవాడు. బఫర్ అంటే అవసరానికి మించి వెనక దాచుకునే సరుకు. విశ్వవిద్యాలయంలో సప్లై చైన్ విభాగంలో, కంపెనీలు పంపించే ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడం ఆయన పని. సరుకు ఎక్కడ బయలుదేరుతుంది, ఎన్ని చేతులు మారుతుంది, ఏ గోదాములో ఎంత ఆపాలి, ఎంత వదలాలి, ఇదీ ఆయన చెప్పే చదువు. అంతకుముందు ఆయన ఒక గోదాములో పెట్టెలు లెక్కపెట్టేవాడు. సాయంత్రం క్లాసులకు వెళ్ళి చదువుకుని, చివరికి తను కూర్చున్న బెంచీల ముందే నిలబడి పాఠం చెప్పే మనిషయ్యాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోడు. అమ్మే చెప్పేది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

ఆ గోదాము బుద్ధి ఇంట్లోనూ వదల్లేదు. వంటింట్లో ప్రతి డబ్బాకీ ఎర్ర టేపు ఒకటి అంటించాడు. సరుకు టేపు కిందికి దిగితే కొనాలి, పైన ఉంటే కొనకూడదు. ఉప్పు డబ్బాకీ టేపే, సబ్బుల డబ్బాకీ టేపే. "నేను సంసారం చేస్తున్నానా, స్టాకు తీస్తున్నానా?" అనేది అమ్మ. ఆయన ఊళ్ళో లేనప్పుడు టేపులన్నీ పీకి అటుది ఇటు, ఇటుది అటు అంటించేది. ఆయన వచ్చి, గుడ్లు తేలేసి, మూడు పెట్టెల ఉప్పు తెచ్చేవాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

మా ఇంట్లో మాటలు అమ్మ మీదుగా నడిచేవి. నాన్నకు ఏం కావాలో అమ్మ నాకు చెప్పేది, నాకు ఏం కావాలో నాన్నకు చెప్పేది. "మీ నాన్నకి నీ జుట్టు అలా కత్తిరించుకోవడం నచ్చలేదట." "అమ్మాయికి ఒంట్లో బాగోలేదు, అరవకండి." నాన్నకూ నాకూ మధ్య గొడవలేం లేవు. మాట్లాడుకోవలసిన అవసరమే రాలేదు. నేను కూడా అదే విభాగంలో శిక్షణ బ్యాచుల పనులు చూసే ఉద్యోగంలో చేరాక, బస్సులో పక్కపక్కనే కూర్చుని వెళ్ళేవాళ్ళం. ఎవరి లోకం వాళ్ళది.

పోయిన చలికాలం అమ్మ జ్వరమని ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు. అంతే. ఇంకా వివరంగా చెప్పమంటే నాకు చేతకాదు. బంధువులు వచ్చారు, ఏడ్చారు, తిన్నారు, వెళ్ళారు. నాకు ఏడుపు రాలేదు. రాకపోవడం తప్పేమో అని కూడా అనిపించలేదు. మొద్దుబారిన పంటిని నాలుకతో తడిమి చూసుకున్నట్టు అప్పుడప్పుడు నన్ను నేను చూసుకునేదాన్ని. ఏమీ తగిలేది కాదు.

నాన్న డ్యూటీకి వెళ్ళడం మానలేదు. పాఠం చెప్పడమే మానేశాడు. ఒకసారి క్లాసుకు వెళ్ళి, మార్కరు మూత తీసి, బోర్డు ముందు అలాగే నిలబడిపోయాడట. మార్కరు ఎండిపోయింది. క్లాసువాళ్ళు కాసేపు చూసి, ఒకరి వెనక ఒకరు చప్పుడు చేయకుండా లేచి వెళ్ళిపోయారట. ఆ తర్వాత ఆయన క్లాసులు మిగతావాళ్ళు పంచుకున్నారు. నాన్న స్టాఫ్ రూములో ఫ్యాను కింద కూర్చునేవాడు. సాయంత్రం నేను వెళ్ళి "బస్సు టైమైంది" అంటే లేచేవాడు.

ఇంట్లో మేం అమ్మ పోయిందని ఎప్పుడూ అనలేదు. "అప్పట్నుంచి" అనేవాళ్ళం. అప్పట్నుంచి కుళాయి కారుతోంది. అప్పట్నుంచి పేపరువాడు ఆలస్యంగా వస్తున్నాడు.

బిస్కెట్ల వ్యవహారం కూడా అప్పట్నుంచే. వంటింట్లో కొబ్బరి బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది. బంధువుల పిల్లలు దాన్ని ఊడ్చి పెట్టారు. సరుకు టేపు కిందికి దిగింది, నాన్న నింపాడు. నాకు ఆ బిస్కెట్లు పడవు, ఒకటే తీపి. కానీ నాన్న మళ్ళీ నింపాడంటే తింటున్నాడు కాబోలు అనుకున్నాను. కొన్నాళ్ళకు అవి మెత్తబడసాగాయి. ఇంత తెచ్చి తినడం లేదేమిటి, పారేస్తే బాధపడతాడేమో అని నేను రోజూ కాసిని టీలో ముంచి మింగేదాన్ని. మళ్ళీ నిండేది. ఓ రోజు చూస్తే టేపు కాస్త పైకి జరిగి ఉంది. టేపు జరపడమంటే మా నాన్న భాషలో వాడకం పెరిగిందని అర్థం. పోనీలే, ఈయనకు ఏదో ఒకటి తినాలనిపిస్తోంది కదా అని, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు నేనూ తేవడం మొదలుపెట్టాను. ఒక డబ్బా రెండైంది. రెండు డబ్బాలూ చాలక పప్పుల డబ్బా ఒకటి ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇద్దరం ఉన్న ఇంట్లో ఎవరికి ఎవరు తెస్తున్నారో అడిగిన పాపాన పోలేదు.

అలా ఉండగా మా విభాగాధిపతి మేడమ్ నన్ను గదిలోకి పిలిచింది. మంచి మనిషే, కానీ మంచి మాటని కూడా నోటీసు చదివినట్టు చెబుతుంది.

"మీ నాన్నగారికి చాలా టైమిచ్చాం అమ్మా. కొత్త శిక్షణ బ్యాచ్ మొదలవుతోంది. మొదటి రోజు ఆట ఆయనే ఆడించాలి. నేనూ వచ్చి కూర్చుంటాను. ఆయన వల్ల కాకపోతే కోర్సు వేరేవాళ్ళకిచ్చి, ఆయన్ని పరీక్షల విభాగంలో వేస్తాను. అక్కడ మాట్లాడే పనుండదు."

"ఆయనకి చెప్పారా మేడమ్?"

"చెప్పాను. తలూపారు. వినబడిందో లేదో నాకు తెలీలేదు. నువ్వు ఓ మాట చెప్పు."

నేనూ చెప్పాను, బస్సులో. నాన్న తలూపాడు. మాట్లాడే పని లేని చోటు అంటే ఆయన అక్కడే ఉండిపోతాడు, ఇక బయటికి రాడు. ఆ మాట నాకు తెలుసు. తెలిసినందుకు భయం వేయాలి. అది కూడా ఎవరో దూరంగా నిలబడి చెబుతున్నట్టుగానే వినిపించింది.

ఆట చాలా తేలిక. నాలుగు బల్లలు వరసగా వేస్తాం. మొదటిది షాపు, తర్వాత హోల్‌సేలు, తర్వాత డిస్ట్రిబ్యూటరు, చివరిది ఫ్యాక్టరీ. రంగు గుండీలే సరుకు. షాపు బల్ల మీద నాన్న ఒక చీటీ పెడతాడు, కస్టమరు ఇంత అడిగాడని. షాపు తన వెనక బల్లకు ఆర్డరు రాస్తుంది, ఆ బల్ల దాని వెనక బల్లకు. సరుకు వెంటనే రాదు, రెండు విడతలు ఆగాలి. నియమం ఒక్కటే: బల్లకూ బల్లకూ మధ్య మాటలుండకూడదు. చీటీలు మోసే మనిషే అటూ ఇటూ తిరగాలి. ఆ మనిషిని నేను. నేను కూడా నోరు విప్పకూడదు.

ఆ రోజు షాపు బల్ల దగ్గర ఒక లారీల కంపెనీ మేనేజరు కూర్చున్నాడు, మీసాలూ ఆయనా. ఫ్యాక్టరీ బల్ల దగ్గర ఒక పెద్దాసుపత్రిలో మందుల స్టోర్సు చూసే ఆవిడ. మేడమ్ వెనక బెంచీలో కూర్చుంది. నాన్న వచ్చి, నియమాలున్న కాగితం చదివి, చీటీలు పెట్టడం మొదలుపెట్టాడు. చదవడం కనక గొంతు పలికింది.

అన్ని బ్యాచుల్లో జరిగేదే జరిగింది. కస్టమరు మధ్యలో ఒక్కసారి కాస్త ఎక్కువ అడుగుతాడు, ఇక చివరిదాకా అంతే అడుగుతాడు. కానీ లారీలాయన కంగారుపడి ఇంకాస్త ఎక్కువ రాశాడు. సరుకు రాలేదని మళ్ళీ రాశాడు. హోల్‌సేలు దానికి మరికాస్త కలిపింది. చివరికి ఆసుపత్రావిడ బల్ల మీద గుండీలు గుట్టగా పడి నేలమీదికి దొర్లాయి. అప్పటికి ఎవరికీ అక్కర్లేదు.

ఆట అయిపోయింది. ఇక పాఠం చెప్పాలి. నాన్న మార్కరు మూత తీసి బోర్డు ముందు నిలబడ్డాడు.

నిలబడే ఉన్నాడు. మేడమ్ చేతిగడియారం చూసుకుని, మళ్ళీ మర్యాదగా చెయ్యి కిందికి దించింది. నేను చీటీల కట్ట పట్టుకుని గోడకు ఆనుకున్నాను.

"సార్, ఇదిగో, ఈ గుట్టంతా నా నెత్తిన పడింది" అంది ఆసుపత్రావిడ. "తప్పెవరిదో చెప్పండి, నేను ఇంటికెళ్ళి పడుకుంటాను."

"ఎవరిదీ కాదు" అన్నాడు నాన్న. బోర్డుతో చెబుతున్నట్టు మళ్ళీ అన్నాడు, "మీ ముందున్నవాళ్ళు అడిగింది చూశారు. ఎందుకడిగారో మీకు తెలీదు."

"మరి నిజంగానే వాడకం పెరిగితే ఎలా తెలుస్తుంది సార్?" అన్నాడు లారీలాయన.

నాన్న చుట్టూ చూశాడు. ఉదాహరణ కోసం వెతుక్కుంటున్నాడని అర్థమైంది. ఇదివరకైతే నాలుక చివరే ఉండేవి.

"మా ఇంట్లో చూడండి. కొబ్బరి బిస్కెట్లు. మా అమ్మాయికి ఈ మధ్య వాటిమీద ఇష్టం పెరిగింది. తనేం చెప్పలేదు. డబ్బా ఖాళీ అవుతోంది, నేను టేపు జరిపాను. అది నిజమైన వాడకం. నా కళ్ళతో చూశాను."

క్లాసంతా నావైపు తిరిగి నవ్వింది, తిండిపోతుని చూసినట్టు. నాకు ఉక్రోషం వచ్చింది. ఎన్నో నెలల తర్వాత నాకు తగిలిన మొదటిది ఆ ఉక్రోషమే.

"నాకు ఇష్టం లేదు సార్" అన్నాను. "మీరు తెస్తున్నారని తింటున్నాను. పాడైపోతాయని."

నాన్న మార్కరు దించాడు. "మరి నువ్వు కూడా తెస్తున్నావుగా?"

"మీకిష్టమని తెచ్చాను. మీరు టేపు జరిపారుగా."

"నేను తీపి తినను కదమ్మా."

"తింటున్నారుగా రోజూ."

"నువ్వు తెచ్చావని."

క్లాసు ఒక్కసారిగా గొల్లుమంది. "ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది సార్ మీ ఇంటి కథ" అన్నాడు లారీలాయన. మేడమ్ కూడా నవ్వింది. ఆసుపత్రావిడ కళ్ళు తుడుచుకుంటూ అడిగింది, "అయితే ఆ బిస్కెట్లు అసలెవరికిష్టం సార్?"

మేమిద్దరం ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు.

"మా ఆవిడకి" అన్నాడు నాన్న.

"మరింకేం, ఆవిణ్ణి అడిగితే సరిపోయేది కదా" అన్నాడు లారీలాయన. పాపం, ఆయనకేం తెలుసు.

"లేదు" అన్నాడు నాన్న. "చనిపోయింది."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నాన్న ఆ మాట పైకి అనడం అదే మొదలు. నేను వినడమూ అదే మొదలు. ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. కూలబడతాడేమో అని మేడమ్ సగం లేచింది. కూలబడలేదు. క్లాసు వైపు తిరిగాడు.

"కస్టమరు అడిగిన చీటీ నాలుగు బల్లలకీ చూపిస్తే ఈ గుట్ట పడదు. ఇన్నేళ్ళుగా ఇదే చెబుతున్నాను, ఇది నిజం. కానీ కస్టమరు లేదని అందరికీ తెలిసి కూడా ఆర్డర్లు పెడుతూనే ఉంటారే, వాళ్ళకి చెప్పే పాఠం నా దగ్గర లేదు. ఎవరో ఒకరు పైకి అనాలి. అంతే అనుకుంటాను."

అని బోర్డు వైపు తిరిగి గీతలు గీయడం మొదలుపెట్టాడు. గీతలు వంకర పోయాయి. మధ్యమధ్యలో ఆగాడు. ఆగినప్పుడల్లా క్లాసు ఆగింది. గంట కొట్టేదాకా చెప్పాడు. ఆసుపత్రావిడ నేలమీది గుండీలన్నీ ఏరి సంచీలో పోసింది. లారీలాయన వచ్చి ఏదో అనబోయి, నాన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదిలేశాడు. మేడమ్ వెళ్తూ వెళ్తూ నాతో, "మిగతా క్లాసులు కూడా ఆయన పేరే వేసెయ్" అంది. ఈసారి అది నోటీసులా లేదు.

బస్సు స్టాపులో ఎప్పటిలాగే పక్కపక్కన నిలబడ్డాం. ఎదురుగా కిరాణా కొట్టు. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు.

"నీకేం ఇష్టం?" అన్నాడు.

నన్నేనా అని చూశాను. నన్నే.

"కారంగా, కరకరలాడేవి ఏవైనా."

"ఊఁ" అన్నాడు, గుర్తుపెట్టుకుంటున్నట్టు. "నాకు తెలీదు ఇన్నాళ్ళూ."

"మరి నీకో నాన్నా?"

ఆలోచించాడు. బస్సు వచ్చింది. నేను కదలలేదు, ఆయనా కదలలేదు. కండక్టరు మమ్మల్ని చూసి విసుక్కుని ఈల వేశాడు. బస్సు వెళ్ళిపోయింది. నాన్న ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు, లెక్క తేలని మనిషిలా.

"ఏమోనమ్మా" అన్నాడు. "నాకేం ఇష్టమో మీ అమ్మకే తెలుసు."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు, పదిమంది మధ్యలో, ముక్కు కారేటట్టు. నాన్న నా భుజం మీది సంచీ తీసి తన భుజాన వేసుకుని, నేను ఏడవడం అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.