హుల్దా ఇంటి కింది రాయి

పాపం హుల్దా అని ఇప్పుడు అందరూ అంటారు. ఇల్లు విప్పిన రోజు మాత్రం గ్రోషేర్ దీవిలోని మగాళ్లంతా వచ్చి దుంగలు మోశారు, ఆవిడ కాచిన కాఫీ తాగారు. వద్దనడానికి ఒక్కడికీ నోరు రాలేదు.

మా దీవుల్లో ఇల్లు చోటు మార్చడం వింతేమీ కాదు. దుంగల ఇల్లే కదా! ఒక్కో దుంగ మీదా గొడ్డలితో గుర్తు గీసి విప్పుతారు, ఇంకోచోట అదే వరసలో పేర్చుకుంటారు. హుల్దా తండ్రి కూడా ఆ ఇంటిని పక్క దీవి నుంచి పడవ మీద తెచ్చి, ఉత్తరపు గాలి తగలని చోటు చూసి నిలబెట్టాడు. అందుకే హుల్దా సరేనంది. ఇల్లు పోతుందని కాదు, చోటు మారుతుందని ఒప్పుకుంది.

విప్పించింది ఆవిడ మొగుడు ఆల్గోట్. వయసంతా పరాయివాళ్ల క్వారీలో రాళ్లు కొట్టాడు. సొంత క్వారీ పెట్టాలని అతగాడి పిచ్చి. ఇంటి పునాది పక్కన నాచు గీకి చూస్తే ఎర్ర గ్రానైటు, మచ్చుకి ఒక్క చార లేదు. సుత్తితో కొడితే ఖంగుమంది. రాళ్లు కొట్టేవాళ్లకు ఆ మోతే ప్రమాణం.

"ఇలా మోగే రాయికి అడుగుండదే! మనం దీని మీద పడుకుని ఉప్పు చేపలు తింటున్నాం, ఏం బతుకు!" అన్నాడు.

ఏటా వేసవిలో వాళ్లింట్లో గది అద్దెకు తీసుకుని, ఒడ్డు వెంట రాళ్లు చూసుకుంటూ తిరిగే డాక్టర్ సెలిన్ అనే రాళ్ల శాస్త్రం పంతులు ఆ పూట భోజనాల దగ్గరే ఉన్నాడు.

"తొందరపడకు ఆల్గోట్. ఒడ్డున రాళ్లన్నిటికీ నల్ల చారలూ ఎర్ర చారలూ ఉన్నాయా లేదా? ఇదీ వాటి తోబుట్టువే. ఎప్పుడో భూమి లోతుల్లో ఆ వేడికి రాయి సగమే కరిగింది. హుల్దాగారు పెనం మీద పంది మాంసం వేస్తే కొవ్వు కరిగి ఓ పక్కకు చేరదూ? కండ అక్కడే ఉండిపోదూ? అలా తేలిగ్గా కరిగేది చేరి గడ్డకడితే గ్రానైటు. కరగని నల్లది చారలుగా మిగిలింది. కరిగింది బాగా పోగైన చోట కొండలకు కొండలే గ్రానైటు ఉంటుంది. నీ ఇంటి కింద మాత్రం చిన్న మడుగేనని నా అనుమానం."

ఆల్గోట్ పడీ పడీ నవ్వాడు. "విన్నావటే? రాయి కరుగుతుందిట! రేపట్నుంచి డాక్టరుగారి రొట్టెకి వెన్న మానేసి గ్రానైటు రాసిపెట్టు!"

హుల్దా కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

"మళ్లీ ఎప్పుడు కడతావయ్యా?" అని మాత్రం అడిగింది.

"చలి పడేలోపు. తూర్పు వాలు మీద. నీ వంటిల్లు ఇంకా పెద్దది చేస్తా, సరేనా?"

సామానుతో పాటు మొగుడూ పెళ్లాలూ పడవల కొట్టంలోకి చేరారు. దుంగలు గుట్టగా పేర్చి పైన తారు గుడ్డ కప్పారు. మొదట తీసిన రాయి బంగారంలా ఉంది, ఓ పడవెడు పట్నం కూడా వెళ్లింది. ఆ తర్వాత, మనిషి లోతు దాటకుండానే, సన్నటి నల్ల గీత తగిలింది. దాని కింద మరోటి. ఆ కింద అన్నీ మెలికలు తిరిగిన చారలే. మేకు దిగ్గొడితే నల్ల పొర వెంట ఇష్టమొచ్చినట్టు పగిలేది. సమాధికి పనికిరాదు, మెట్టుకీ పనికిరాదు.

అక్కడితో ఆగి ఇల్లు కట్టుంటే మనిషే. ఆగలేదు. లోతుకు పోతే మళ్లీ మంచిది తగులుతుందని మొండికేశాడు. రాయి పైకి లాగడానికి గిలకకు స్తంభాలు కావాలని తారు గుడ్డ ఎత్తాడు.

"అవి మా నాన్న దూలాలు," అంది హుల్దా.

"దూలాలదేముందే, అడవిలో బోలెడు."

"ఈ దీవిలో అడవెక్కడుంది, నీ మొహంలో ఉందా?"

అయినా తీశాడు. ఆ పైన బండలు దొర్లించడానికి మరికొన్ని పోయాయి. రెండో చలికాలానికి రాతి దుమ్ము అతని ఊపిరితిత్తులు తినేసింది. పడవల కొట్టానికి గోడలున్నాయన్న మాటే గానీ గాలి అడ్డం లేకుండా తిరిగేది. దగ్గుతున్న మొగుణ్ణి వెచ్చగా ఉంచడానికి మిగిలిన దుంగలను హుల్దాయే తన చేత్తో నరికి పొయ్యిలో పెట్టింది. గొడ్డలి గుర్తులున్న చివర్లను ముందు పెట్టేది, చూడలేక. మంచు కరగకముందే ఆల్గోట్ పోయాడు.

వేసవికి సెలిన్ విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చాడు. గోతిలోకి చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. "చూడండర్రా! తీరమంతా గాలించినా ఇంత శుభ్రంగా కోసిన రాతి ముఖం దొరకదు. అదిగో, కరిగి చేరింది పైన. అది పుట్టిన రాయి కింద. ఎంత అదృష్టం!" నేను ముందే చెప్పాగా అని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది, కనీసం అక్కడ ఒక ఇల్లుండేదని ఆయనకు గుర్తున్నట్టు తెలిసేది.

హుల్దా గోతి అంచున, ఒకప్పుడు తన పొయ్యి ఉన్న వైపు నిలబడి చూస్తోంది. సెలిన్ కెమెరా నిలబెట్టి నల్ల గుడ్డలో తల దూర్చాడు.

"హుల్దాగారూ, కాస్త పక్కకు జరుగుతారా? మీ నీడ రాయి మీద పడుతోంది."

"ఇంకా ఎక్కడికి జరగమంటారు, డాక్టరుగారూ?"

"ఎటైనా ఫరవాలేదండీ," అన్నాడు గుడ్డలోంచి.

ఆవిడ జరిగింది.