మూత తీసే ముందు

మేడం పోయారన్న వార్త నాకు ఆబిడ్స్‌లో బస్సు దిగుతుంటే తెలిసింది. వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి, "పొద్దున పోయింది బిడ్డా" అని ఏడ్చింది. మా ల్యాబ్ ఉన్నది నాంపల్లిలో. నేను మాత్రం గన్‌ఫౌండ్రీ వైపు ఊరికే నడిచాను. రోజూ నడిచే దారే కాళ్ళకు గుర్తు రాలేదు.

మేడం అంటే బళ్ళో పాఠాలు చెప్పినావిడ కాదు. మా చిన్న ల్యాబ్‌లో పెద్ద టెక్నీషియన్. మెదక్ వైపు మనిషి. ఆదివారం చర్చి తప్పదు, సోమవారం మా మీద అరుపులు తప్పవు. ఆ అరుపుల కోసమే ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటోంది.

రోగుల మెడలోనో చేతిలోనో నరంలోకి సన్నటి గొట్టం పెడతారు, లైన్ అంటాం. జ్వరం తగ్గకపోతే దాన్ని తీసి, కొస కత్తిరించి, డబ్బాలో మాకు పంపుతారు. ఆ జ్వరం గొట్టం మీది క్రిముల వల్లేనా అని చూడడం మా పని. కొసను, క్రిములు పెరగడానికి నెత్తురు కలిపి చేసిన ఎర్ర ప్లేటు మీద ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు దొర్లించాలి. మొదట్లో నా చెయ్యి బరువు. "వత్తి చేసినట్టు జర మెల్లగ. ఏంది గా రుద్దుడు, గిన్నెలు తోముతున్నవా?" అనేవారు.

ఆమె పెట్టిన పద్ధతి ఇంకొకటుంది. మూత తీసే ముందు డబ్బా మీది పేరు పైకి చదవాలి. ఇంకొకరు కాగితంలో చూసి "ఔ" అనాలి. అది వినపడందే మూత కదలకూడదు. పది డబ్బాలుంటే పదిసార్లు. నేను చదివితే ఔ అనేది కిటికీ పక్క కుర్చీలోంచి మేడమే. నాకు విసుగు పుట్టేది. "గది గొట్టం ముక్క కాదు, మనిషి" అనేవారు.

చేరిన ఏడాదే ఒక కొసను ప్లేటు మీద దొర్లించకుండా, క్రిములను పెంచే ద్రవంలో వేసేశాను. మర్నాటికి ద్రవం మబ్బుగా మారింది. క్రిములున్నాయని గర్వంగా రిపోర్టు రాసి పంపాను. మేడం నెత్తి పట్టుకున్నారు. ద్రవంలో ఒక్క క్రిమి పడ్డా అంతా మబ్బే, చర్మం మీంచి అంటినదైనా సరే. ప్లేటు మీదైతే క్రిములు పెరిగినచోట పడే మచ్చలు లెక్కపెట్టొచ్చు. పదిహేనుకు చేరితేనే గొట్టాన్ని అనుమానిస్తాం.

"ఉన్నయా అని కాదు, ఎన్నున్నయని అడుగు" అని, నా ముందే డాక్టరుకు ఫోన్ చేశారు. తప్పు మాది, ఆ రిపోర్టు నమ్మి మందులు ఎక్కించొద్దని చెప్పారు. మాది అన్నారు, నా పేరు ఎత్తలేదు. సాయంత్రం ఆబిడ్స్‌లో చాయ్ తాగించారు.

రిటైరయ్యాక కిడ్నీలు పాడై, డయాలసిస్ కోసం మేడం మెడకే లైన్ పడింది. పోయిన నెల జ్వరం మొదలైతే లైన్ తీసేశారు. లక్డీకాపూల్ దవాఖానలో పడుకుని కూడా, కొస మాకే పంపమని పట్టుబట్టారట. డబ్బా నా చేతికొచ్చింది. పేరు మొదటిసారి సగమే చదివాను. రెండోసారికి మొత్తం చదివాను. పక్క బల్ల దగ్గరి తోటి టెక్నీషియన్ ఔ అంది.

వత్తి చేసినట్టే దొర్లించాను. ప్లేటు ఇంక్యుబేటర్‌లో పెట్టి, మేడం దేవుడితో సహా దేవుళ్ళందరికీ మొక్కాను, క్రిములు బోలెడు పెరగాలని. తప్పు గొట్టానిదే అయితే అది ఎలాగూ బయటికొచ్చేసింది, జ్వరం దిగుతుంది, మనిషి దక్కుతుంది. మర్నాడు చూస్తే నాలుగే మచ్చలు. మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగే.

మధ్యాహ్నం ఆమే ఫోన్ చేసి, ఎన్ని అని అడిగారు. పదిహేను దాటాయని చెప్పాలనిపించింది, దాచడమెందుకు. ఆమె దగ్గర పని నేర్చుకున్న నోటికి ఆ అబద్ధం రాలేదు. అలవాటుగా ముందు పేరు చదివాను, ఆమె పేరు ఆమెకే.

"నాలుగే, మేడం."

జ్వరం ఇంకెక్కడినుంచో వస్తోందని, అదెక్కడో ఎవరికీ తెలియదని ఆమెకు అర్థమైంది.

"ఔ" అన్నారు.

ఇప్పుడు నేను పేరు చదివితే పక్క బల్ల నుంచి ఔ అని సరిగ్గానే వినపడుతుంది. అయినా నా చెయ్యి కాసేపు మూత మీదే ఆగుతోంది, కిటికీ పక్క కుర్చీలోంచి ఇంకొక ఔ రావాల్సి ఉన్నట్టు.